ఈకల సవరం

జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు. పెడుతుంది, కాదన్నదెవరు? మరి జుట్టు లేనమ్మ సంగతేమిటన్నది ఆ సామెత చెప్పిన పెద్దలకు తట్టలేదు. ఆ సంగతంతా ముప్ఫై ఏళ్ళుగా సవరాలక్క ఒక్కతే చూసుకుంటోంది.

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆ వీధిలో దానితో ఎవరికీ పని పడలేదు. ఒకప్పుడు సవరాలు కట్టేది, ఇప్పుడు విగ్గులు కడుతోంది, పిలుపు మాత్రం పాతదే నిలిచిపోయింది. టైలరు దుకాణం పక్కనుంచి పద్దెనిమిది మెట్లు ఎక్కితే ఆమె ఉండే వాటా. ముందుగది పనికి, వెనకగది పడకకి, మధ్యలో ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలే వంటిల్లు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద గుడ్డతో కుట్టి రంపపు పొట్టు కూరిన తలకాయలు మూడు. మొదటిసారి వచ్చినవాళ్ళు వాటిని చూసి ఉలిక్కిపడతారు. "కంగారు పడకండి. ఇక్కడ మీరేం చెప్పుకున్నా బయటికి చేరవెయ్యవు" అంటుంది సవరాలక్క. ఆమె వేసే హాస్యం ఆ ఒక్కటే, వచ్చిన ప్రతివాళ్ళకీ అదే.

పని చూశామా, ఓపిక లేనివాళ్ళకు పిచ్చెక్కుతుంది. తలకాయకు సన్నని వలగుడ్డ తొడిగి, చిన్న కొక్కెమున్న సూదితో ఒక్కో వెంట్రుకనీ వలకంట్లోంచి లాగి ముడి వెయ్యాలి. ఒక తలకు వేల ముళ్ళు. నుదుటి దగ్గర ముడికి ఒక్క వెంట్రుకే పడాలి, రెండు పడ్డాయంటే పెట్టుకున్నది విగ్గని వీధి చివర్నుంచే తెలిసిపోతుంది. వెంట్రుకల కుదుళ్ళన్నీ ఒక పక్క, కొసలన్నీ ఒక పక్క ఉండాలి. పది తిరగబడినా చాలు, నెల తిరక్కుండా మొత్తం చిక్కుపడి కూర్చుంటుంది. ఇదంతా నేర్పింది ఆమె పిన్ని. "మన పని కనబడిందంటే మనం ఓడిపోయినట్టేనే" అనేది. సవరాలక్క ఆ మాటను పట్టుకుని ఏనాడూ వదల్లేదు. పోయినదాన్ని పోయినట్టు కనబడకుండా కప్పెయ్యడం ఆమెకు చేతిపనిగా మొదలై మనసుకు కూడా అలవాటయిపోయింది.

మనసు సంగతి ఎందుకొచ్చిందంటే, ఆమె ఒక పిల్లను పెంచింది. అన్నగారి కూతురు, తల్లిపోయి ఏడాది పిల్లగా ఈ ఒళ్ళో పడింది. ఆరేళ్ళు నిండేదాకా అత్తే అమ్మ. అత్త జడ చేతికి చుట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. అన్నగారు మళ్ళీ పెళ్ళి చేసుకుని, ఒకరోజు మధ్యాహ్నం కొత్తావిడను వెంటబెట్టుకుని వచ్చి పిల్లను తీసుకుపోయాడు. తండ్రి కదా, ఎవరేమనగలరు? మొదట వారానికోసారి ఫోను వచ్చేది, తర్వాత నెలకోసారి, తర్వాత పుట్టినరోజుకి. సవరాలక్క ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు. పిల్ల వెళ్ళిన నెలలోనే జడ కత్తిరించేసుకుని, ఆ జుట్టుతో ఎవరికో విగ్గు కట్టి ఇచ్చేసింది. అప్పటినుంచి ఆమె ఇంటికి వచ్చేవాళ్ళే గానీ ఇంట్లో ఉండిపోయేవాళ్ళు లేరు.

అలాంటి గుమ్మంలోకి ఒకనాడు టీచరమ్మ వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చేతిలో కాగితంలో చుట్టిన సొంత జడ.

"మందులు మొదలుపెడితే ఎలాగూ రాలిపోతుందన్నారు. రాలనివ్వడమెందుకని నేనే కోసేశాను. దీంతోనే కట్టగలవా అమ్మా?" అంది.

సవరాలక్క జడ విప్పి, ఒక పాయ వేళ్ళ మధ్య జార్చి చూసింది. "కుదుళ్ళు కలవకుండా భలే కోశారండీ. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు."

"పిల్లల చేత ముప్ఫై ఏళ్ళు వరస తప్పకుండా లైన్లు కట్టించానమ్మా, వెంట్రుకలదేముంది" అంది టీచరమ్మ.

కొలతలకు వచ్చినప్పుడల్లా టీచరమ్మ ఓ గంట కూర్చుని ఆ చేతుల్ని చూసేది. మాట్లాడేది తక్కువ. నాలుగోసారి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. ఆమె దగ్గర ఒక చిలుక ఉంది. చిన్న రకం, గుప్పెట్లో పట్టేంత. బూడిదరంగు ఒళ్ళు, నెత్తిన పసుపు కుచ్చు, బుగ్గల మీద నారింజ బిళ్ళలు. కుచ్చు నిక్కించి అటూ ఇటూ పచార్లు చేస్తుందని దానికి హెడ్మాస్టరు అని పేరు పెట్టింది. మందులు పడుతున్నన్నాళ్ళూ పక్షుల్ని దగ్గర ఉంచుకోవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. చెల్లెలింట్లో పిల్లి ఉంది.

"ఆర్నెల్లు. ఆర్నెల్లు చూడు చాలు. బాగవగానే వచ్చి నా హెడ్మాస్టర్ని నేను తీసుకుపోతాను."

సవరాలక్కకు వద్దనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది కనుబొమలు కూడా ఊడిపోయిన మనిషి. మొహమాటం ఎంత పనైనా చేయిస్తుంది. "సరేనండీ" అంది.

పంజరంతో పాటు గింజల సంచీ, గుండ్రటి చేతిరాతతో రెండు పేజీల కాగితం వచ్చాయి. నీళ్ళు పూటకోసారి మార్చాలి. గింజల్లో కొర్రలు ఎక్కువుండాలి. ఎండ తగలాలి, గాలి కొట్టకూడదు. సాయంత్రం గంటసేపు బయటికి వదిలి భుజం మీద ఎక్కించుకోవాలి. సవరాలక్క అన్నీ తు.చ. తప్పకుండా చేసింది, ఆ చివరిది తప్ప. భుజం మీద ఎక్కించుకుంటే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పరాయి సొమ్ము పాములాంటిదన్నారు. ఆర్నెల్లకు వెళ్ళిపోయేదానికి భుజం అలవాటు చెయ్యడమెందుకు, తర్వాత ఆ భుజాన్ని తడుముకుంటూ కూర్చోవడమెందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పేరు పెట్టి కూడా పిలవలేదు. "టీచరమ్మగారి పిట్ట" అనేది, అంతే.

పిట్టకు ఈ లెక్కలేం తెలుసు? రోజూ పొద్దున్నే మూడు స్వరాలు ఈల వేసి, మెడ పక్కకు వంచి ఆగేది. నాలుగోది టీచరమ్మ వెయ్యాలి, అది వాళ్ళిద్దరి ఆట. సవరాలక్క తలెత్తకుండా ముడి వేసుకునేది. పిట్ట మళ్ళీ మూడు వేసి ఆగేది. నెల్లాళ్ళు అలా అడిగి అడిగి, ఇక మానేసింది.

ఆ తర్వాతే పంజరం అడుగున ఈకలు కనబడ్డాయి. కాలం మారినప్పుడు రాలుస్తాయిలే అనుకుందామె. వారం తిరిగేసరికి గుండె మీద నాణెమంత ఖాళీ. మరో రెండు వారాలకు మెడ కింద నుంచి పొట్ట దాకా గులాబీరంగు చర్మం, చుక్కలు చుక్కలుగా. ముక్కుతో తన ఈకను తనే పట్టుకుని, చిన్న అరుపు అరిచి, పీకేసుకుంటోంది. జుట్టు ఊడినవాళ్ళను ఎంతమందినో చూసిన సవరాలక్క ఇది చూడలేకపోయింది. ఊడిపోవడం వేరు, పీక్కోవడం వేరు.

"బెంగ పెట్టుకుందే అమ్మాయ్" అన్నాడు కింది దుకాణంలో టైలరు బాబాయి, గింజల సంచీ పైకి తెచ్చినప్పుడు. ఆయన ఆమెకు చుట్టమేం కాదు, పాతికేళ్ళ పొరుగు. నోట్లో నువ్వుగింజ నానదు గానీ మనిషి మంచివాడు. "టీచరమ్మకి ఓ మాట చెప్పెయ్."

"ఏమని చెప్పను బాబాయ్? మీరు మందులతో చస్తుంటే మీ పిట్టని నేనిలా చేశానని చెప్పనా?"

ప్రతి ఆదివారం మూడింటికి టీచరమ్మ వీడియో ఫోను చేసేది. మొదట్లో సవరాలక్క పిట్ట తల ఒక్కటే కనబడేలా ఫోను పట్టుకుని నెట్టుకొచ్చింది. ఒక ఆదివారం టీచరమ్మ అడగనే అడిగింది. "వాణ్ణి మొత్తం చూసి ఎన్నాళ్ళయిందో. వచ్చేవారం వెలుతుర్లో పెట్టి చూపించమ్మా." ఆ గొంతు అప్పటికే బాగా సన్నబడి ఉంది.

ఇక్కడే సవరాలక్క ఒక పని చేసింది. ఇంకెవరైనా అయితే నిజం చెప్పేవాళ్ళు, లేదా ఫోను పాడైందనేవాళ్ళు. ఈమెకు అలాంటివి తోచలేదు. రాలిన ఈకలన్నీ సూదుల డబ్బాలో దాచి ఉంచింది, ఎందుకు దాచిందో అప్పటికి ఆమెకే తెలియదు. వాటిని బల్ల మీద పరిచి, మొదళ్ళు ఒక పక్కకి, కొసలు ఒక పక్కకి పేర్చింది. రెండంగుళాల వలగుడ్డ కత్తిరించి, ఒక్కో ఈక మొదలుకూ నైలాన్ దారంతో ముడి వేసి, కింది వరస మీద పై వరస వాలేలా, రెండు రోజులు కూర్చుని కట్టింది. నూట నలభై ఈకలు. రెక్కల వెనక ముడి పెట్టుకోవడానికి రెండు దారాలు.

బాబాయి చూసి నోరు వెళ్ళబెట్టాడు. "పిట్టకి విగ్గేంటే? నలుగురూ వింటే నవ్విపోతారు."

"నలుగురికీ నువ్వు చెప్పకపోతే ఎలా వింటారు?" అందామె తలెత్తకుండా.

తువ్వాలులో పట్టుకుని తొడగబోతే పిట్ట రెండుసార్లు రక్తం వచ్చేలా కరిచింది. అయినా తొడిగింది. ఆదివారం కిటికీ దగ్గర పంజరం పెట్టి ఫోను తిప్పితే, అబ్బ, ఏం కుదిరింది. పిన్ని ఉంటే వెన్ను తట్టేది. టీచరమ్మ చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. "ఒళ్ళు చేశాడే. గుండె నిండుగా ఉంది. నాకు నిశ్చింతగా ఉందమ్మా" అంది. సవరాలక్క చూపు మాత్రం టీచరమ్మ నుదుటి మీద పడింది. తను కట్టిన విగ్గు చెవుల దగ్గర వేలెడు వదులైంది. మనిషి ఎంత చిక్కితే విగ్గు అంత వదులవుతుందో ఆమెకు తెలుసు, తెలిసినా ఆ ఆలోచనను ముందుకు పోనివ్వలేదు.

ఫోను పెట్టెయ్యగానే ఈకల ముక్క విప్పెయ్యాలన్నది ఆమె పెట్టుకున్న కట్టడి. రెండు ఆదివారాలు విప్పింది. మూడో ఆదివారం ఫోను పెట్టీ పెట్టగానే కింద బాబాయి కేకేశాడు, ఎవరో కొలతలకు వచ్చారని. వాళ్ళు మెట్లెక్కలేని ముసలివాళ్ళు. ఆమే కిందికి వెళ్ళి, టేపు పట్టి, మాటల్లో పడి, ఓ గంట గడిపింది.

పైకి వచ్చేసరికి గది మరీ నిశ్శబ్దంగా ఉంది. పిట్ట కడ్డీకి తలకిందులుగా వేలాడుతోంది. వలను చీల్చబోయి ముక్కు అందులో ఇరికించుకుంది, ఊడిన దారం కాలికి నాలుగు చుట్లు తిరిగి కడ్డీకి బిగుసుకుంది. ఎంత లాగినా తెగకపోవడమే ఆ దారం గొప్పతనం, అందుకే ముప్ఫై ఏళ్ళుగా అదే వాడుతోంది. కాలు నల్లబడింది. కళ్ళు సగం మూసుకున్నాయి. ఆమె కత్తెర తీసుకుని, ముందు ముక్కు, తర్వాత కాలు విడిపించింది. "బాబాయ్" అని ఒక్కసారే పిలిచింది. ఆ పిలుపు విని ఆయన దుకాణం అలాగే వదిలేసి స్కూటరు తీశాడు.

పశువుల డాక్టరమ్మ చిన్నవయసుది. కాలికి మందు వేసి కట్టుకట్టి, ఒక వేలు దక్కదని చెప్పింది. తర్వాత బోసిగా ఉన్న గుండె చూసి, ఈకల ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అరిచినా బాగుండేది.

"రోజుకి ఎంతసేపు బయట ఉంచుతారు?"

"ఉంచనండీ. మాది కాదు. వేరేవాళ్ళది, మళ్ళీ ఇచ్చెయ్యాలి."

"ఆ సంగతి దానికి తెలీదు కదండీ" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "ఇవి గుంపులో బతికే పిట్టలు. తోడు లేకపోతే ఇలాగే పీక్కుంటాయి. మీరు శుభ్రంగానే చూశారు, కనబడుతోంది. శుభ్రంతో బతకదు."

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చుని, తువ్వాల్లో చుట్టిన పిట్టను రొమ్ముకు ఆనించుకుని, సవరాలక్క ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. దారి పొడుగునా బాబాయి ఒక్క జోకు వెయ్యలేదు.

ఇక తప్పలేదు. పూటకో చుక్క మందు నోట్లో పొయ్యాలి, కట్టు మార్చాలి, మళ్ళీ ముక్కుతో పీక్కోకుండా కాచుకోవాలి. పని చేసుకుంటూనే ఒళ్ళో పెట్టుకునేది. నాలుగు రోజులు అది బెదురుతూనే ఉంది. ఐదో రోజు మందు వేశాక కూడా వెళ్ళిపోలేదు, ఆమె బొటనవేలి మీద కాలు పెట్టి నిలబడింది. ఆమె మెల్లగా, బల్ల మీది తలకాయల వంక చూస్తూ, ఎవరో వింటారన్నట్టు, మూడు స్వరాలు ఈల వేసింది. ఆమెకు ఈల సరిగా రాదు, సగం గాలే. పిట్ట మెడ వంచి విన్నది. వినీ వినీ నాలుగోది అది వేసింది.

నెలన్నరకు కొత్త ఈకలు వచ్చాయి. కొత్త ఈక గట్టి తొడుగులో ముల్లులా పొడుచుకొస్తుంది, ఆ తొడుగు చిదిపితే గానీ విచ్చుకోదు. ఒంటి మీదివి పిట్ట ముక్కుతో తనే చిదుపుకుంటుంది. తల మీదివి తనకు అందవు, జతపిట్ట ఎవరైనా చిదపాలి. హెడ్మాస్టరు వచ్చి తల వంచి ఆమె చేతి కింద పెట్టేవాడు. ఒక్కో వెంట్రుకనూ ఏరి ముడేసే వేళ్ళు కదా, రెండు గోళ్ళ మధ్య ఒక్కో తొడుగునూ నలిపి వదిలేవి. కళ్ళు మూసుకుని గొణిగేవాడు. అవును, అప్పటికి "వాడు" అయ్యాడు. పేరు పెట్టి పిలుస్తోంది కూడా. భుజం సంగతి అడగనక్కర్లేదు, పొద్దుటి నుంచి అక్కడే మకాం. కట్టే విగ్గులోంచి వెంట్రుకలు లాగి పారేస్తే తిట్టేది, తిట్టి నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు విని బాబాయి మెట్ల కింద ఆగి చూసి పోయేవాడు.

ఆ మూడో ఆదివారం తర్వాత మళ్ళీ ఫోను రాలేదు. టీచరమ్మ ఆస్పత్రిలో ఉందని, మాట్లాడే ఓపిక లేదని చెల్లెలు చెప్పింది. సవరాలక్క ఆమె కోసం బాధపడింది, నిజంగానే పడింది. కానీ ఫోను రానందుకు లోపల్లోపల ఎక్కడో హాయిగానూ ఉండేది. దాచడమెందుకు, మనిషి బుద్ధి అంతే.

ఎనిమిదో నెలలో ఫోను మోగింది. "ఆదివారం నేనే వస్తున్నానమ్మా" అంది టీచరమ్మ. ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేసింది.

సవరాలక్క ఫోను చేత్తో పట్టుకునే హెడ్మాస్టరు వంక చూసింది. ఎందుకొస్తుంది? తీసుకుపోవడానికే. ఒకసారి పిల్లను ఈ గుమ్మంలోంచి పోనిచ్చింది, మళ్ళీ పోనివ్వడం తన వల్ల కాదు. ఇంతకీ కాలి వేలొకటి లేని పిట్టను చూపించి ఏమని చెప్పుకోవాలి?

"ఎగిరిపోయిందని చెప్పెయ్" అన్నాడు బాబాయి, బొత్తాలు ఏరుకుంటూ. "పిట్టలు ఎగరక ఏం చేస్తాయి? కిటికీ తీసి ఉందను. నేను సాక్ష్యం చెప్తాలే."

"అబద్ధం కాదూ?"

"నీ బతుకంతా చేస్తున్న పనేంటే? ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చూపించడమేగా. ఇంకొక్కటి చెయ్."

ఆయన ఆమె బాగు కోరే అన్నాడు. ఆమె కూడా ఊరికే వినేసి ఊరుకోలేదు. ఆదివారం పొద్దున పంజరాన్ని వెనకగదిలోకి మార్చి, తలుపు వేసి, ముందుగది కిటికీ బార్లా తెరిచింది. ఆరోజు ఆమెను చూసి ఉంటే మీకు కోపం వచ్చేది. ఆమెకు ఆమె మీదే వచ్చింది, అయినా కిటికీ ముయ్యలేదు.

మూడింటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆరో మెట్టు దగ్గర ఆగాయి. పదకొండో మెట్టు దగ్గర చాలాసేపు ఆగాయి. కిందనుంచి బాబాయి "పట్టుకోమంటారా?" అనడం, "వద్దులెండి" అనడం వినబడ్డాయి. సవరాలక్క ఎదురు వెళ్ళింది. టీచరమ్మ తలకు నూలుటోపీ ఉంది. చంకలో కాగితం సంచీ ఉంది, సంచీలో ఆమె విగ్గు ఉంది.

విగ్గు వెనక్కి వచ్చిందంటే ఈ వృత్తిలో రెండే అర్థాలు. జుట్టు మొలిచిందని ఒకటి. టోపీ నెత్తి చర్మానికి అంటుకుపోయినట్టు దిగి ఉంది, కింద వెంట్రుక జాడ లేదు. రెండో అర్థం నోటితో చెప్పుకునేది కాదు. ఆమె టీచరమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. ఇక కిటికీ మాట ఎత్తడానికి నోరు రాలేదు. వెనకగది తలుపూ, పంజరం తలుపూ తీసింది.

హెడ్మాస్టరు ఎగిరి వచ్చి సవరాలక్క భుజం మీద వాలాడు. టీచరమ్మ చూసింది. చిన్నా పెద్దా కలిసి ఎగుడుదిగుడుగా ఉన్న గుండె ఈకలు చూసింది, వేలు లేని కాలు చూసింది.

"మీకు నేను అబద్ధం చూపించానండీ" అంది సవరాలక్క. మొదలుపెట్టాక ఆగలేదు. భుజం ఎక్కించుకోని సంగతి, పీక్కున్న సంగతి, ముసలివాళ్ళ కొలతల దాకా అన్నీ చెప్పింది. ఈకల ముక్కను తెచ్చి ముందు పెట్టింది. "ఇవాళ కూడా ఎగిరిపోయిందని చెబుదామనుకున్నా. కిటికీ అందుకే తీసి ఉంది."

టీచరమ్మ ఆ ముక్కను తిరగేసి, వెనక ముళ్ళు వేలితో తడిమింది. "ఒక్కోటీ కట్టావా?"

"కట్టానండీ."

"నన్ను సంతోషపెట్టడానికి."

సవరాలక్క వెళ్ళి కిటికీ మూసింది.

"నేనూ నీతో అబద్ధమే ఆడాను" అంది టీచరమ్మ. "ఆర్నెల్లన్నానే, ఆ రోజే డాక్టర్లు చెప్పేశారు. మందులు రోజుల్ని సాగదీస్తాయంతేనని. తీసుకుపోవడానికి రానని నాకు తెలుసు. నీ చేతులు చూసి, వీడు ఈమె దగ్గరుంటే చాలనుకున్నా. శాశ్వతంగా ఉంచుకోమంటే నువ్వు వద్దంటావేమోనని ఆర్నెల్లన్నాను. నాదనుకుని నువ్వు దూరం పెడతావని నాకు తట్టలేదమ్మా. పిల్లాడు నా మాట వల్ల పీక్కున్నాడు."

ఒకరి మంచికని ఒకరు అబద్ధమాడితే మధ్యలో నలిగింది గుప్పెడు పిట్ట. సవరాలక్కకు ఏడుపు ముంచుకొచ్చింది, కానీ ఏడవాల్సింది తను కాదనిపించి ఆపుకుంది. భుజం మీదినుంచి వాణ్ణి వేలి మీదికి తీసుకుంది. ఏ మాట టీచరమ్మ అంటుందోనని వారం నుంచి హడలిపోతోందో ఆ మాట తనే అంది.

"తీసుకెళ్ళండి టీచర్‌గారూ. ఉన్నన్నాళ్ళు మీ దగ్గరే ఉండనివ్వండి. రోజూ నేనొచ్చి అన్నీ చేసి పోతాను."

టీచరమ్మ చెయ్యి చాచింది. వాడు కుచ్చు నిక్కించి ఆమెను ఎగాదిగా చూశాడు. జడ లేదు, కనుబొమలు లేవు, ఒంటి వాసన కూడా మందులదే. ఆమె "ఏం సార్" అంది, అంతే, గబగబా చెయ్యెక్కి, మోచెయ్యి దాటి, మెడ ఒంపులో దూరి కూర్చున్నాడు. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. వాడి ఒంటిమీద చెయ్యి వేసి అరగంట కదల్లేదు. డాక్టర్లు వద్దన్నది ఇప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాత ఆమే లేచింది. "వద్దమ్మా. తీసుకుపోతే నెలకో రెణ్ణెల్లకో వీడు నన్ను మళ్ళీ పోగొట్టుకోవాలి. ఒకసారి పీక్కున్నాడు, చాలు. నీ చెయ్యి ఇలా తే."

వాణ్ణి తీసి సవరాలక్క చేతి మీద పెట్టింది. వాడు తిరిగి టీచరమ్మ భుజమే ఎక్కాడు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎక్కాడు. మూడోసారి టీచరమ్మ తియ్యలేకపోయింది. సవరాలక్క దగ్గరికి జరిగి, "రా నాన్నా, నా దగ్గరికి రా. మనిల్లు ఇదే" అంది. వాడు ఇద్దరి వంకా చూశాడు. ఒక్కో అడుగే వేసుకుంటూ, ఆ మూడు వేళ్ళ కాలితో తడుముకుంటూ, ఈ భుజం మీదికి దాటాడు. టీచరమ్మ ఇక వాడి వంక చూడలేదు. విగ్గు సంచీ బల్ల మీద పెట్టి, "ఎవరికైనా సరిపోతే సరిచేసి ఇవ్వు" అని చెప్పి, మెట్లు దిగిపోయింది.

చాలాసేపటికి బాబాయి పైకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, కుర్చీ వంకా, భుజం మీది పిట్ట వంకా, తడిసిన ఆమె మొహం వంకా చూశాడు.

"ఏంటమ్మాయ్, ఉత్తచేతులతో వెళ్ళిందే ఆవిడ? పిట్టని తీసుకుపోదా ఇంక?"

"లేదు బాబాయ్" అంది సవరాలక్క. "ఇవాళే ఇచ్చి వెళ్ళింది."